అభిమానం ఎక్కడ గీత దాటుతుంది?

శ్రోతలకు నమస్కారం.

1993 ఏప్రిల్ 30. జర్మనీలోని హాంబర్గ్‌లో టెన్నిస్ క్వార్టర్ ఫైనల్ జరుగుతోంది. ప్రపంచ నంబర్ వన్ మోనికా సెలెస్ వయసు అప్పటికి 19. మొదటి సెట్ గెలిచింది, రెండో సెట్లో 4-3తో ముందుంది. విరామంలో వెళ్లి కుర్చీలో కూర్చుంది. ప్రేక్షకుల్లోంచి ఒకతను వచ్చి, అడ్డుకంచె మీంచి వంగి, కత్తితో ఆమె వీపులో పొడిచాడు. గాయం లోతు సుమారు సెంటీమీటరున్నర. అది వారాల్లో మానింది. కానీ ఆమె మళ్లీ టోర్నమెంటు ఆడింది 1995 ఆగస్టులో!

ఆ మనిషికి సెలెస్‌తో సొంత పగేమీ లేదు. అతను జర్మన్ టెన్నిస్ క్రీడాకారిణి స్టెఫీ గ్రాఫ్ అభిమాని. గ్రాఫ్ మళ్లీ నంబర్ వన్ కావాలంటే సెలెస్ అడ్డు తొలగాలి. అతని లెక్క అంతే. గ్రాఫ్ అడగలేదు, ఆమెకు తెలియనే తెలియదు. పాపం, ఆస్పత్రికి వెళ్లి సెలెస్‌ను పరామర్శించింది.

అతని మానసిక స్థితి సరిగా లేదని కోర్టులో తేలింది. అభిమానులందరినీ ఆ గాటన కట్టడం అన్యాయం. కానీ ఆ లెక్క ఉంది చూశారూ, మావాళ్లు వెలగాలంటే అవతలివాళ్లు పోవాలనే లెక్క, అది మామూలు అభిమాన సంఘాల్లోనూ వినిపిస్తూనే ఉంటుంది.

రాత్రంతా మేలుకుని మ్యాచ్ చూడండి, ఓడితే ఏడవండి. అందులో తప్పేముంది? అభిమానం ఎంతున్నా ముప్పు లేదు. అది ఎవరి మీదికి తిరుగుతోందన్నదే చూసుకోవాలి. గుంపులో మన ఆటగాణ్ణి మెచ్చుకుంటే నలుగురు తలూపుతారు. ఎదుటివాణ్ణి తిడితే అందరూ చప్పట్లు కొడతారు. రేపు మళ్లీ ఆ చప్పట్లు కావాలంటే తిట్టు ఇంకాస్త ఘాటుగా ఉండాలి. ఎల్లుండి ఇంకాస్త. అలా ఆటను వదిలి ఇంటివాళ్ల దాకా వెళ్తుంది.

అందుకే ఒక్క పని చెయ్యండి. మీ అభిమానుల గ్రూపులో మీరు రాసిన చివరి ఇరవై మెసేజీలు తీయండి. మీ అభిమాన ఆటగాడి గురించి ఎన్ని, ఎదుటివాడి గురించి ఎన్ని? లెక్కపెట్టండి. రెండోవి సగం దాటితే ఓ వారం ఆ గ్రూపు నోటిఫికేషన్లు ఆపెయ్యండి.

గ్రూపు నడిపేవారికి ఇంకో మాట. ఎవరి ఫోన్ నంబరో, ఇంటి చిరునామానో, పిల్లల ఫోటోనో కనబడితే చర్చ పెట్టకండి. ముందు తీసెయ్యండి. పెట్టినవారితో తర్వాత విడిగా మాట్లాడండి. పదిమందిలో నిలదీస్తే పరువు కోసం మొండికేస్తారు, మరో నలుగురు వెనకేసుకొస్తారు. ఈలోగా ఆ నంబరు ఇంకో పది గ్రూపులకు పాకిపోతుంది.