లేపాక్షి కప్పు మీద నిలిచిన రంగు మన బడి గోడ మీద ఎందుకు నిలవదు?

[దృశ్యం: లేపాక్షి వీరభద్రస్వామి గుడి, నాట్యమండపం పైకప్పు. కెమెరా ఒక అంకణం నుంచి ఇంకో అంకణానికి మెల్లగా జరుగుతుంది.]

లేపాక్షి వెళ్లినవాళ్లలో చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, నంది దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే, మెడ నొప్పి పుట్టినా సరే, తల పైకెత్తి చూడండి.

అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలిన కాలం, అంటే 1529 నుంచి 1542 మధ్య. పెనుకొండలో అధికారం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. కప్పు మీద పార్వతీ కల్యాణం ఉంది, కిరాతార్జునీయం ఉంది. అర్ధమండపంలో కప్పంతా పరుచుకున్న వీరభద్రుడు ఉన్నాడు.

[దృశ్యం: చీర అంచులు, కొప్పులు, పొడుగాటి కుళ్లాయిల క్లోజప్.]

నాకైతే దేవుళ్ల పక్కన నిలబడ్డ మనుషులే ఎక్కువ ఇష్టం. ఆ చీరల అంచులు చూడండి, ఏ రెండూ ఒకలా కనిపించవు. ఐదు వందల ఏళ్ల కిందట రాయలసీమలో కలిగినవాళ్లు ఏం కట్టుకున్నారో, జుట్టు ఎలా ముడిచారో ఇంత వివరంగా ఏ శాసనమూ చెప్పదు.

[దృశ్యం: ఒక బడి ప్రహరీ గోడ. రంగు బుడగలు, పెచ్చులు.]

ఇప్పుడు ఇది చూడండి. స్వాతంత్ర్య సమరయోధుల బొమ్మలు. రెండు వానాకాలాలకే అల్లూరి గడ్డం సగం రాలిపోయింది. రంగు నాసిరకం అనుకుంటాం కానీ, ఎక్కువసార్లు తప్పు రంగుది కాదు, వెనకున్న గోడది.

[యానిమేషన్: రాతి పలక, ముతక గచ్చు, నున్నటి సున్నం, రంగు. ఒక్కో పొర విడిగా.]

పాత పద్ధతిలో రాతి మీద సున్నం, ఇసుక కలిపిన గచ్చు వేస్తారు. దాని మీద నున్నటి సున్నపు పూత. సున్నం ఆరడం అంటే నీరు ఇగరడం ఒక్కటే కాదు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. గచ్చు తడిగా ఉన్నప్పుడే రంగు వేస్తే ఆ రాయిలోనే రంగు బిగుసుకుపోతుంది. ఆరాక వేస్తే జిగురు కలపాలి, అప్పుడు రంగు పైపైనే ఉంటుంది. అలాంటి బొమ్మను దుమ్ము పోతుందని తడిగుడ్డతో తుడిచారంటే దుమ్ముతో పాటు రంగూ గుడ్డకే వస్తుంది.

ఇక రంగులంటారా, ఎర్రమట్టి, పసుపుమట్టి, దీపపు మసి, సున్నపు తెలుపు. సున్నం ఘాటుకు చాలా రంగులు వెలిసిపోతాయి, ఇవి మాత్రం తట్టుకుంటాయి.

వీటికి అసలు శత్రువు నీళ్లు. కప్పు రాళ్ల సందుల్లోంచి వాన దిగితే గోడలోని ఉప్పు కరిగి పైకి వస్తుంది. తడి ఆరాక ఆ ఉప్పు గడ్డకట్టి, రంగును వెనక నుంచి నెట్టేస్తుంది. లేపాక్షిలో కూడా రంగు పోయిన చోట్లు తక్కువేమీ కావు. మన బడి గోడ మీదా జరిగేది ఇదే. కాకపోతే అక్కడ యాక్రిలిక్ రంగు ప్లాస్టిక్ పొరలా కప్పేసి ఉంటుంది కాబట్టి, చెమ్మ బయటికి వచ్చే దారి సరిగా ఉండదు. అందుకే ముందు బుడగ, తర్వాత పెచ్చు.

[దృశ్యం: అజంతా గుహ లోపలి గోడ.]

కాపాడబోయి చెడగొట్టడం కూడా ఉంటుంది. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. 1920లో హైదరాబాద్ ప్రభుత్వం ఇటలీ నుంచి చెక్కోని, ఒర్సిని అనే నిపుణులను పిలిపించింది. ఊడిపోతున్న గచ్చును వాళ్లు నిలబెట్టారు, అందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ పైన పూసిన లక్క వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి బొమ్మలను మసకబార్చింది. దాన్ని తొలగించడమే తర్వాతి తరాల నిపుణులకు పెద్ద పనైంది. నిపుణులకే ఇలా జరిగిందంటే, జీర్ణోద్ధరణ పేరుతో పాత బొమ్మ మీద ఎనామిల్ పెయింట్ కొట్టడం గురించి వేరే చెప్పాలా?

[దృశ్యం: లాస్ ఏంజెలెస్, వరద కాలువ కాంక్రీటు గోడ మీద పొడవాటి చిత్రం.]

మరి పాత బొమ్మను మళ్లీ వేయడం ఎప్పుడూ తప్పేనా? కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా అనే చిత్రకారిణి 1976లో స్థానిక కుర్రాళ్లతో ఒక గోడ మొదలుపెట్టారు. దాదాపు అర మైలు పొడవున కాలిఫోర్నియా చరిత్ర, ముఖ్యంగా పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకని వలస కుటుంబాల చరిత్ర, ఆ గోడకెక్కింది. నాలుగు వందల మందికి పైగా పిల్లలు పనిచేశారు. ఎండకు, పొగకు వెలిసిపోతే 2011 నాటికి మళ్లీ రంగులద్దారు. వేసినవాళ్లు బతికే ఉన్నారు, అసలు రంగు ఏదో వాళ్లకు తెలుసు, కాబట్టి అది చెల్లింది. లేపాక్షి చిత్రకారుడిని అడగలేం. అక్కడ ఉన్నదాన్ని ఊడకుండా పట్టి ఉంచడమే పని, పోయినదాన్ని ఊహించి నింపడం కాదు.

[దృశ్యం: ఒక ఊళ్లో అరుగు మీద పెద్దవాళ్లు, ఎదురుగా ఫోన్‌లో రికార్డు చేస్తున్న పిల్లలు.]

మీ ఊరి గుళ్లోనో పాత గడీలోనో వెలిసిన బొమ్మ కనిపిస్తే ముందు ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయండి. చెయ్యి పెట్టకండి. కప్పు కారుతుంటే రాష్ట్ర పురావస్తు శాఖకు రాసి, ముందు ఆ కారుడు ఆపించండి.

కొత్తగా వేయాలనుకుంటే రంగు డబ్బాలు కొనేముందు వానాకాలంలో ఒకసారి గోడ చూసి రండి. కింద నుంచి చెమ్మ ఎక్కే గోడైతే వదిలేయండి. కొత్త సిమెంటు పూతైతే పూర్తిగా ఆరనివ్వండి. పైన చిన్న సన్‌షేడ్ వేయించగలిగితే మంచిది.

ఏం బొమ్మ వేయాలో ఊళ్లో డెబ్బై దాటినవాళ్లను అడగండి. ఎండిపోయిన చెరువు గురించో, ఆగిపోయిన మగ్గాల గురించో చెబుతారు. ఐదేళ్లకు రంగు వెలిసినప్పుడు ఎవరు దిద్దాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్నది మాత్రం గోడ మీద మొదటి గీత పడకముందే పంచాయతీ తీర్మానంలో రాయించుకోండి.