తుప్పు పట్టిన పాత మారుతీ 800: పుట్టీనా, కెమికలా, కొత్త రేకా?

నమస్తే అండీ. ఇవాళ రివ్యూ కొత్త బండి గురించి కాదు. పాత బండికి తుప్పు వదిలించడానికి మన గోదావరి జిల్లాల షెడ్లలో చేసే మూడు రకాల పనుల గురించి. ఈ మారుతీ 800 మా బాబాయిది, రాజోలులో ఉంటుంది. మూడు పనులూ దీని మీదే ఉన్నాయి కాబట్టి పక్కపక్కనే చూపిస్తాను.

800 అమ్మకాలు 1983 చివర్లో మొదలయ్యాయి, తయారీ 2014 మొదట్లో ఆగింది. ఇంజన్ కుదురుగానే ఉంటుంది, ముందు పోయేది రేకు. మన వైపు మరీ తొందరగా పోతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కదండీ. దానికి తోడు రొయ్యల చెరువుల గట్ల మీద తిరుగుళ్ళు, చేపల లారీల నుంచి రోడ్డు పొడుగునా కారే ఐసు నీళ్ళు. మా బాబాయి అయితే సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి బండిని పంటు మీదే, అంటే గోదావరిలో బళ్ళని దాటించే పడవ మీదే దాటిస్తాడు. రేకు మీద పేరుకున్న ఉప్పు గాలిలోని తేమని లాగుతూనే ఉంటుంది. వాన లేకపోయినా తుప్పు ఆగదు.

ముందు పుట్టీ, అంటే మెత్తితే గట్టిపడే పేస్టు సంగతి. కెమెరా కాస్త కిందకి దించరా... ఆ, డ్రైవర్ డోరు అడుగు అంచు. గీతలు పడకుండా అయస్కాంతానికి గుడ్డ చుట్టాను. ఇక్కడ పైన పెడితే టక్కున పట్టింది. నాలుగు వేళ్ళు కిందకి జరిపితే... చూశారా, జారిపోయింది. అంటే అక్కడ పెయింటు కింద ఉన్నది ఇనుము కాదు, మందంగా మెత్తిన పుట్టీ. ఇదిగో ఈ బొబ్బని స్క్రూడ్రైవర్‌తో నొక్కుతున్నా. అప్పడంలా విరిగింది! వెనక అంతా ఎర్రపొడి.

ఎక్కడ చేయించారో పేరు చెప్పను గానీ, పని చేసిన తీరు మాత్రం దారుణం అండీ. డోరులోకి నీళ్ళు అద్దం పక్కనుంచి దిగుతాయి. అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోవాలి. ఆ కన్నాలు బురదతో మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచిపోతాయి. తుప్పు లోపల్నుంచి బయటికి తింటూ వస్తుంది. ఇనుము తుప్పుగా మారితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింటు పొంగుతుంది. పైన బొబ్బ కనిపించిందంటే లోపల పని ఎప్పుడో అయిపోయిందన్నమాట. దాని మీద పుట్టీ పెడితే అదీ తేమ పీలుస్తుంది. పుట్టీ చెడ్డదని కాదు, శుభ్రమైన రేకు మీద పల్చగా సొట్టలు సరిచేయడానికి బాగా పనికొస్తుంది. కన్నం పూడ్చడానికి మాత్రం కాదు.

రెండోది రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పు మీద పూసే కెమికల్. బానెట్ ముందంచు చూడండి, రాళ్ళు తగిలి పెయింటు లేచిన చోటల్లా తుప్పు పట్టింది. ఈ మందుల్లో ఎక్కువగా ఉండేది టానిక్ యాసిడ్, ఫాస్ఫారిక్ యాసిడ్. రెండూ కలిపి ఉన్నవీ దొరుకుతాయి. పూస్తే తుప్పు నల్లబడి గట్టి పొరగా మారుతుంది. వదులుగా ఉన్న పెచ్చుల్ని ముందు వైర్ బ్రష్‌తో రాలగొట్టాలి. తర్వాత డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి ప్రైమర్, పెయింటు వేయాలి. ఇలా పైపై తుప్పుకి నేను దీనికి మంచి మార్కులే వేస్తా. కానీ ఇది కొత్త ఇనుముని పుట్టించదండీ.

ఇక మూడోది, కొత్త రేకు అతకడం. డోర్ల కింద బోలుగా ఉండే ఈ రన్నింగ్ బోర్డు చూడండి. అమలాపురంలో మేస్త్రీ గారు గ్రైండర్ పెట్టేముందే బాబాయితో అన్నారు: "పైకి కనపడేది పావలా వంతేనండి, లోపల ముప్పావలా ఉంటది." కోశాక అదే నిజమైంది. మెరిసే ఇనుము వచ్చేదాకా కోసుకుంటూ వెళ్ళి, అదే గేజు (మందం) రేకు వంచి అతికారు. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకర పోతుంది, అందుకే సీఓటూ వెల్డింగ్, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు రక్షణలో కరెంటుతో తీగని కరిగించి అతికేది. అదీ ఒకే గీతగా లాగకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో చల్లారనిస్తూ. మొదలుపెట్టే ముందు బ్యాటరీ టెర్మినల్ తీశారు. సీట్లు, కార్పెట్ బయట పెట్టేశారు. కింద పెట్రోలు పైపు వెళ్తుంది కాబట్టి ఆ టెన్షన్ ఎలాగూ ఉంటుంది. నిప్పు ఆర్పే సిలిండర్ లేని షెడ్డుకి ఈ పని ఇవ్వకండి.

అసలు చూడాల్సింది ఆ తర్వాత. బయట ఎపాక్సీ ప్రైమర్, అతుకుల్లో సీలెంట్ వేసి పెయింటు కొట్టారు. అంతా ఆరాక బోలులోకి సన్నటి గొట్టంతో మైనం స్ప్రే చేశారు. అడుగు కన్నాలు మళ్ళీ సైకిల్ స్పోక్‌తో పొడిచి తెరిచారు. వెల్డింగ్ వేడికి లోపల ఉన్న పాత పూత కాలిపోతుంది. ఈ మైనం మానేస్తే కొత్త రేకూ ఆ దారే పడుతుంది. మూడింటిలో నా ఓటు ఈ కొత్త రేకు పనికే. ఖర్చు ఎక్కువే, అందుకని బిల్లు అడిగేటప్పుడు కోత-వెల్డింగ్ ఎంత, లోపలి పూత ఎంత, పెయింటు ఎంత అని విడివిడిగా అడగండి. లోపలి పూతకి రేటే చెప్పలేదంటే అది చేయరన్నమాట.

బండి అడుగున నల్ల కోటింగ్ కొట్టిస్తామంటారు కదా, బురదా తుప్పూ పూర్తిగా తీయకుండా కొడితే తేమ లోపలే చిక్కుకుపోతుంది. వద్దు.

సస్పెన్షన్ బిగించే చోట, సీటు బెల్టు బోల్టుల దగ్గర రేకు పుచ్చిందా? ఆ బండి మీద పెయింటుకి డబ్బు పెట్టకండి, ముందు ఆ చోటు బాగుపడుతుందో లేదో మంచి మేస్త్రీకి లిఫ్ట్ మీద చూపించండి. 15 ఏళ్ళు దాటి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్ళే బండైతే ఆ పని తనిఖీకి ముందే చేయించండి.

ఇంకోటి, పెయింటు పని ముసురు రోజుల్లో పెట్టుకోవద్దు. గాలిలో తేమకి కొన్ని రకాల పెయింట్లు తెల్లబారతాయి. సంక్రాంతి వెళ్ళాక షెడ్డులో పెడితే మేస్త్రీకీ తీరిక, మీకూ ఎండ దొరుకుతుంది.