డాక్టర్ల భార్యల సంఘం: కౌంటీ నుంచి కాంగ్రెస్ దాకా

సభకు నమస్కారం.

అమెరికా వైద్యుల జాతీయ సంఘానికి అనుబంధంగా డాక్టర్ల భార్యలు పెట్టుకున్న అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అలయన్స్ చరిత్రను 1922, సెయింట్ లూయిస్ అని మొదలుపెట్టడం వాడుక. నిజానికి అంతకు నాలుగైదేళ్ళ ముందే టెక్సస్‌లో డాక్టర్ల భార్యలు మొదట డాలస్ కౌంటీలో, ఆ వెంటనే రాష్ట్ర స్థాయిలో సంఘం కట్టుకున్నారు. దాన్ని దేశమంతటికీ విస్తరించాలని ప్రతిపాదించింది హ్యూస్టన్‌కు చెందిన మిసెస్ శామ్యూల్ క్లార్క్ రెడ్. సెయింట్ లూయిస్‌లో వైద్యుల ప్రతినిధుల సభ ఆమోదించాక ‘వుమన్స్ ఆగ్జిలరీ’ (మహిళల అనుబంధ సంఘం) పుట్టింది, ఆమే తొలి అధ్యక్షురాలు. పాత మినిట్స్‌లో, అంటే సమావేశాల నమోదుల్లో, ఆమెనే కాదు, దాదాపు అందరినీ భర్త పేరుతోనే రాశారు. పని చేసిన మనిషి సొంత పేరు కావాలంటే పెళ్ళి రికార్డులు, జనాభా లెక్కలు తిరగేయాల్సిందే.

సంఘం కట్టుబడి మూడంచెలది: కౌంటీ, రాష్ట్రం, జాతీయం. చందా కింది అంచెలో వసూలై పైకి వెళ్ళేది, కార్యక్రమాలు పైనుంచి కిందికి వచ్చేవి. ప్రతి అంచె పక్కనా ఒక వైద్య సంఘం, దాని తరఫున సలహా సంఘం ఉండేవి. వాళ్ళు ఊ అంటేనే పని ముందుకు కదిలేది. ఈ మూడంచెల కాలువలో మొదట పారింది ‘హైజియా’ అనే ఆరోగ్య పత్రిక. 1923లో వైద్య సంఘం సామాన్య పాఠకుల కోసం మొదలుపెట్టిన ఆ పత్రికకు బడులూ గ్రంథాలయాలూ తిరిగి చందాదారులను చేర్చింది ఈ ఆడవాళ్ళే.

కాలువ కింది నుంచి పైకి కూడా పారుతుందని నిరూపించింది జార్జియాలోని విండర్ అనే చిన్న ఊరు. అక్కడి యూడోరా బ్రౌన్ ఆల్మండ్ డాక్టర్లకంటూ ఒక రోజు ఉండాలన్నారు. 1933 మార్చి 30న బారో కౌంటీ సభ్యులు డాక్టర్లకూ వాళ్ళ భార్యలకూ కార్డులు పంపారు, చనిపోయిన వైద్యుల సమాధుల మీద పూలుంచారు. ఆ తేదీని ఊరికే ఎంచుకోలేదు. 1842లో అదే రోజు, విండర్‌కు దగ్గరలోని జెఫర్సన్‌లో డాక్టర్ క్రాఫర్డ్ లాంగ్, జేమ్స్ వెనబుల్ మెడ మీది కణితిని ఈథర్ మత్తులో తీసేశారు. కానీ 1849 దాకా దాన్ని ప్రచురించలేదు. ఈలోగా 1846లో బోస్టన్‌లో చేసిన ప్రదర్శనతో ఈథర్ మత్తు పేరంతా దంతవైద్యుడు మోర్టన్‌కు పోయింది. తమ ప్రాంతపు వైద్యుడికి దక్కని గుర్తింపును ఈ తేదీతో తెచ్చిపెట్టారన్నమాట. 1934లో రాష్ట్ర ఆగ్జిలరీ, 1935లో దక్షిణాది ఆగ్జిలరీ ఈ ఆచారాన్ని తీసుకున్నాయి. 1990లో దీన్ని జాతీయ డాక్టర్ల దినం చేస్తూ అమెరికా చట్టసభ కాంగ్రెస్ చేసిన తీర్మానం మీద అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టారు. మన దేశంలో డాక్టర్ల దినమైన జులై 1 డాక్టర్ బి.సి. రాయ్ గారి పేరు మీదిది, దానికీ దీనికీ సంబంధం లేదు.

డబ్బు పోగుచేసే పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది పండుగ కార్డు. క్రిస్మస్‌కు ప్రతి డాక్టరు కుటుంబం తక్కిన కుటుంబాలన్నిటికీ విడివిడిగా కార్డులు పంపే బదులు, ఆ కార్డుల ఖర్చూ తపాలా ఖర్చూ వైద్య విద్యా నిధికి ఇస్తుంది. కౌంటీ సంఘం ఒక్కటే కార్డు అచ్చు వేసి, దాతలందరి పేర్లూ అందులో చేర్చి అందరికీ పంపుతుంది. డబ్బు ఫలానా వైద్య కళాశాలకే చేరాలని దాత కోరవచ్చు. ఇలాంటి పని చెడేదంతా పేర్ల జాబితా దగ్గరే. గడువు దాటాక వచ్చిన పేరు అచ్చులో పడదు, పడకపోతే వచ్చే ఏడాది ఆ ఇంటి నుంచి డబ్బు రాదు. అందుకే ప్రెస్సుకు పంపేముందు ఇద్దరు మనుషులు జాబితాను రసీదు పుస్తకంతో సరిచూడాలి. ఎవరెంత ఇచ్చారన్నది కార్డు మీద వేయకూడదు.

1961లో అదే కాలువలో వేరే నీళ్ళు పారాయి. వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా కోసం వచ్చిన కింగ్–ఆండర్సన్ బిల్లును ఆపడానికి వైద్య సంఘం ‘ఆపరేషన్ కాఫీ కప్’ నడిపింది. అప్పటికి నటుడైన రొనాల్డ్ రీగన్ మాట్లాడిన ఎల్‌పీ రికార్డును ఆగ్జిలరీలకు పంపారు. ఇరుగుపొరుగును కాఫీకి పిలవడం, రికార్డు వినిపించడం, అక్కడికక్కడే కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు రాయించడం, ఇదీ వరస. ఉత్తరాలు ఎవరికి వారు రాసుకున్నట్టు కనబడాలన్నది అసలు కిటుకు. ఆ జూన్‌లోనే పాత్రికేయుడు డ్రూ పియర్సన్ దీన్ని బయటపెట్టారు. ఒక బిల్లును వ్యతిరేకించడం వాళ్ళ హక్కు, తప్పుపట్టలేను. ఎవరు చెబితే రాస్తున్నారో దాచడం మాత్రం తప్పే. 1965 జులై 30న ఆ వృద్ధుల బీమా మెడికేర్ పేరుతో చట్టమైంది. అదే ఏడాది అక్టోబరులో వలస చట్టమూ మారింది. ఆ తర్వాత వెళ్ళిన మన తెలుగు డాక్టర్లు ఎందరో రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేసిన ఆసుపత్రులకు శిక్షణ ఖర్చు కింద డబ్బిస్తూ వచ్చింది ఆ మెడికేరే.

1995లో హింసా నివారణను చేతికి తీసుకున్నారు. చేతులు కొట్టడానికి కాదని చిన్నపిల్లలకు చెప్పే కార్యక్రమాన్ని బడుల్లో నడిపారు. అప్పటికి పేరు కూడా మారింది. 1970లలో ‘వుమన్స్’ పోయింది, 1990ల మొదట్లో ‘అలయన్స్’ వచ్చింది. డాక్టర్లలో ఆడవాళ్ళు పెరిగేకొద్దీ భర్తలూ సభ్యులు కావలసినవారే కదా! పేరు మార్చినంత తేలిగ్గా సమావేశ వేళలు మారలేదు. ఉద్యోగానికి వెళ్ళే మనిషి పగటిపూట విందు సమావేశానికి రాలేదు, మూడంచెల చందా ఒకేసారి కట్టడమూ బరువే. సభ్యత్వం పలచబడటానికి ఈ రెండూ గట్టి కారణాలని నా అభిప్రాయం. ఇక్కడ కొత్తగా సంఘం పెట్టాలనుకునేవారు నియమావళిలో ‘భార్య’ అని కాక ‘జీవిత భాగస్వామి’ అని రాయండి, సమావేశాలు సాయంత్రం ఆరు తర్వాత పెట్టుకోండి, మినిట్స్‌లో ప్రతి ఒక్కరికీ సొంత పేరే వాడండి.