మేనమామ ఇచ్చిన గేదె: డీఏ ఆఫీసుకి ఫెడరల్ గ్రాంట్ తెచ్చుకోవడం

[టేబుల్ మీద కాఫీ కప్పు, పక్కన తాడుతో కట్టిన లావుపాటి ఫైలు. మాట్లాడుతూనే కూర్చోవడం.]

"ఒక ఫెడరల్ గ్రాంట్ తెచ్చుకుంటే పోలా?"

ఫెడరల్ గ్రాంట్ అంటే వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం షరతుల మీద ఇచ్చే సాయం డబ్బు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. అమెరికాలో ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) బడ్జెట్ మీటింగ్‌కైనా వెళ్లండి. డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే డీఏ, కౌంటీలో నేరాల కేసులు నడిపే ప్రభుత్వ లాయర్, లేచి, కేసులు పేరుకుపోతున్నాయి, ఇద్దరు లాయర్లు కావాలి అంటారు. బోర్డులో ఎవరో ఒకరు కళ్లజోడు సర్దుకుని సరిగ్గా ఈ మాటే వదులుతారు. గ్రాంటేదో పెరట్లో కాసిన జామకాయ అయినట్టు!

నేను అక్కడ ఒక కౌంటీలో కొన్నేళ్లు గ్రాంట్ల డెస్క్ మీద పనిచేశాను. కౌంటీ పేరు చెప్పను, ఇప్పుడు మీరు వినబోయే కథల్లో వాళ్ల పరువు కొంచెం, నా పరువు చాలా ఉన్నాయి. ఆ అనుభవంతో చెప్తున్నాను. గ్రాంట్ రాయడం పెద్ద పని కాదు. వచ్చాక దాన్ని మేపడం పెద్ద పని.

మేపడం అని ఊరికే అనలేదు. ఈ వీడియో మొత్తం ఒక గేదె చుట్టూ తిరుగుతుంది.

మీ మేనమామ మీకు ఒక పాడిగేదెను ఇచ్చాడనుకోండి. అమెరికా ప్రభుత్వాన్ని సరదాగా పిలిచే అంకుల్ శామ్ అన్న పేరుకి తెలుగులో ఇంతకంటే మంచి అనువాదం నాకు దొరకలేదు. ఇస్తూ ఇస్తూ ఏమన్నాడు? "ఒరేయ్, మూడేళ్లు ఉంచుకో. పాలు పిల్లలకే పోయాలి, అమ్ముకోకూడదు. నీ పాత గేదెను మాత్రం అమ్మడానికి వీల్లేదు. తవుడు ఖర్చులో కొంత నువ్వే పెట్టుకో. మూడు నెలలకోసారి పాల లెక్క రాసి పంపు." ఇదండీ గ్రాంట్. ఇక వీడియో ఆపేసినా పర్లేదు. కానీ అసలు చిక్కులన్నీ ఆ షరతుల్లోనే ఉన్నాయి కాబట్టి కూర్చోండి.

ముందు ఏయే గేదెలు ఉన్నాయో చూద్దాం. అమెరికాలో రాష్ట్ర కోర్టుల కేసులు నడిపే స్థానిక ప్రాసిక్యూటర్ ఆఫీసులు దాదాపు 2,300. ఎక్కువ శాతం లక్ష లోపు జనాభా ఉన్న చోట్లవే. జీతాలిచ్చేది ప్రధానంగా కౌంటీ. వాషింగ్టన్ డబ్బు అన్నంలో నెయ్యి లాంటిది, అన్నం కాదు.

పేరున్న గేదె జాగ్. పూర్తి పేరు ఎడ్వర్డ్ బర్న్ మెమోరియల్ జస్టిస్ అసిస్టెన్స్ గ్రాంట్. ఎడ్వర్డ్ బర్న్ న్యూయార్క్ పోలీసు అధికారి. 1988 ఫిబ్రవరి 26న క్వీన్స్‌లో, డ్రగ్స్ ముఠా మీద ఫిర్యాదు చేసిన ఒక సాక్షి ఇంటి ముందు కార్లో కాపలా కూర్చుని ఉండగా కాల్చి చంపారు. వయసు 22. సాక్షిని కాపాడబోయి చనిపోయిన మనిషి పేరు పెట్టిన డబ్బులో, సాక్షులతో రోజూ పనిపడే ప్రాసిక్యూటర్‌కి దక్కేది చాలాచోట్ల చివరి గరిటె. ఎందుకో చెప్తాను, ఇది నాకు ఇష్టమైన భాగం.

[స్క్రీన్ మీద: రెండు గిన్నెలు. ఒకదాని మీద 60, ఇంకోదాని మీద 40.]

రాష్ట్రానికి ఎంత రావాలన్నది సగం జనాభాని బట్టి, సగం హింసాత్మక నేరాలను బట్టి లెక్కేస్తారు. వచ్చినదాంట్లో 60 శాతం రాష్ట్ర ప్రభుత్వం చేతికి, 40 శాతం నేరుగా నగరాలకు, కౌంటీలకు. ఆ 40 శాతాన్ని పంచేటప్పుడు చూసేది ఏమిటి? పోలీసులకు నమోదైన హింసాత్మక నేరాలు. నేరం నమోదయ్యేది నగర పోలీసుల ఖాతాలో. నిందితుణ్ణి కోర్టులో నిలబెట్టి, సాక్షుల్ని పిలిపించి, ఏడాదో రెండేళ్లో కేసు నడిపేది కౌంటీ డీఏ. జైల్లో ఉంచేదీ కౌంటీయే. గేదెను నగరం దొడ్లో కట్టేసి, మేత మోయడానికి కౌంటీని పిలిచినట్టు.

చట్టం రాసినవాళ్లకి ఇది తట్టకపోలేదు. నగరానికి వచ్చే వాటా కౌంటీ వాటాకు ఒకటిన్నర రెట్లు గానీ అంతకు మించి గానీ ఉండి, ఆ నేరాల ప్రాసిక్యూషన్ లేదా జైలు ఖర్చులో సగానికి పైగా కౌంటీ మోస్తుంటే, ఇద్దరినీ 'డిస్పరేట్', అంటే పొంతన కుదరని, జంటగా గుర్తిస్తారు. అప్పుడు ఇద్దరూ కలిసి ఒకటే దరఖాస్తు పెట్టాలి, పంపకం మీద ఒప్పందం సంతకం చేయాలి. కానీ ఎవరికి ఎంత అన్నది చట్టం చెప్పదు. మీరూ మీరూ తేల్చుకోండి అంటుంది. తేలేది ఎక్కడ? ఒక చిన్న మీటింగ్ గదిలో, నగర పోలీస్ చీఫ్, షెరిఫ్ (కౌంటీ పోలీసుల పెద్ద), కౌంటీ మేనేజర్ మధ్య. ఆ గదికి డీఏ ఆఫీసు నుంచి ఎవరూ వెళ్లకపోతే ఆ డబ్బు రేడియోలకీ కార్లకీ పోతుంది. అయ్యో అని తర్వాత ఎన్ని లేఖలు రాసినా లాభం లేదు. నా సలహా అడిగితే, మంచి గ్రాంట్ రైటర్‌ని వెతకడానికంటే ముందు ఆ మీటింగ్ తేదీ కనుక్కోండి.

రెండో గేదె స్టాప్. 1994లో వచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం కింద రాష్ట్రాలకు ఇచ్చే డబ్బు. ఇక్కడ ప్రాసిక్యూటర్లకు చట్టమే ఆకు వేసి పెట్టింది, ప్రతి రాష్ట్రం తన వాటాలో కనీసం 25 శాతం వాళ్లకి కేటాయించాలి. అంత స్పష్టంగా ఉన్నా అడగని ఆఫీసులున్నాయి. ఏం చేస్తాం.

మూడోది వోకా, 1984 నాటి బాధితుల చట్టం. ఈ డబ్బు పన్నులది కాదు. ఫెడరల్ కేసుల్లో దోషులు కట్టే జరిమానాలు, జప్తయిన బెయిల్ సొమ్ము ఒక నిధిలో చేరతాయి. అందులోంచి ఏటా కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఒక పరిమితి పెట్టి వదులుతుంది. 2018లో ఆ పరిమితి దాదాపు 4.4 బిలియన్ డాలర్లు, 2024కి సుమారు 1.35 బిలియన్. మధ్యలో నిధిలోకి జరిమానాలు రావడం తగ్గిపోయింది. 2021లో చట్టం సవరించి, విచారణ దాకా వెళ్లకుండా కంపెనీలు రాజీ పడి కట్టే సొమ్మునూ ఇందులోకి మళ్లించారు. అయినా పాత రోజులు రాలేదు. వోకా మీద ఉద్యోగాలు కట్టుకున్న ఆఫీసులు ఎలా వణికి ఉంటాయో ఊహించుకోండి.

ఇప్పుడు "పాలు పిల్లలకే" అన్న షరతు. వోకా డబ్బు బాధితుల సహాయానికే. కేసు గెలవడానికి కాదు. చెప్పడం తేలిక. పని రోజున ఇది ఎలా ఉంటుందో చూడండి.

మా ఆఫీసులో ఒక విక్టిమ్ అడ్వొకేట్ ఉండేది. లాయర్ కాదు, బాధితులకు తోడుండే మనిషి. ఆమె జీతం వోకాది. పొద్దున తొమ్మిదికి కోర్టు వరండాలో ఒక తల్లి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఈరోజు ఏం జరుగుతుంది, నిందితుడు ఏ తలుపులోంచి వస్తాడు, చూడటం ఇష్టం లేకపోతే ఎక్కడ కూర్చోవచ్చు, ఇవన్నీ చెప్పింది. టిష్యూ పెట్టె చేతికిచ్చింది. ఇదంతా వోకా పని. పదకొండున్నరకి ప్రాసిక్యూటర్ హడావుడిగా వచ్చి, "కాస్త ఆ పక్కింటాయన దగ్గరికెళ్లి ఆ రాత్రి ఏం చూశాడో రాసుకొస్తావా" అన్నాడు. పాపం, ఆయనకి మనుషులు లేరు. ఆమె వెళ్లింది. రెండు గంటలు. అది సాక్ష్యం సేకరణ, వోకా పని కాదు. కానీ టైమ్‌షీట్‌లో ఎనిమిది గంటలూ వోకా గడిలోనే పడ్డాయి. ఏడాది చివర రాష్ట్రం నుంచి తనిఖీకి వచ్చినావిడ కోర్టు క్యాలెండర్, టైమ్‌షీట్ పక్కపక్కన పెట్టుకుని పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ పోయింది. ఆమె గొంతు కూడా పెంచలేదు. నాకు మాత్రం ఆ పెన్సిల్ చప్పుడుకి చెమటలు పట్టాయి. పాలు టీ కొట్టుకి పోశామని దొరికిపోయాం. ఆ గంటల డబ్బు వెనక్కి కట్టాం.

సరే, పాత గేదె సంగతి. ఇంగ్లీషులో సప్లాంటింగ్ అంటారు. కొత్త గేదె వచ్చింది కదా అని ఉన్నదాన్ని అమ్మేయడం. కౌంటీ తన డబ్బుతో ఇద్దరు అడ్వొకేట్లకు జీతం ఇస్తోంది. గ్రాంట్‌తో మూడో మనిషి వచ్చింది. మరుసటి ఏడు బడ్జెట్‌లో కౌంటీ ఒక పాత పోస్టు నెమ్మదిగా ఎత్తేసింది. ఎవరూ దురుద్దేశంతో చేయలేదనే అనుకుందాం. కానీ మేనమామ వచ్చి చూస్తే దొడ్లో గేదెలు రెండే! నేనిచ్చింది మూడోది కదా, మీది ఏమైంది అంటాడు. ఆ కోత గ్రాంట్ లేకపోయినా జరిగేదే అని కాగితాలతో చూపించగలిగితే బతికిపోతారు. లేకపోతే డబ్బు వెనక్కి. అందుకే "గ్రాంట్ తెచ్చుకోండి" అనే బోర్డు సభ్యుడికి ముందు చెప్పాల్సింది ఇదే. అయ్యా, గ్రాంట్ వస్తే మీకు మిగిలేది ఏమీ ఉండదు, మీరు పెట్టే ఖర్చు అలాగే ఉండాలి.

[కాఫీ ఒక గుక్క. చల్లారిపోయింది. మొహం అదోలా పెట్టడం.]

గేదె రాకముందే కొట్టం కట్టాలి. శామ్ (మేనమామ కాదు, శామ్ డాట్ గవ్) అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి సంస్థల్ని గుర్తించే పాత డన్స్ నంబర్ పోయి, దాని బదులు 12 అక్షరాల యూఈఐ వచ్చింది. ఈ రిజిస్ట్రేషన్ ఏడాదికోసారి రెన్యూవల్ చేయాలి. ఎవరు చేయాలి? ఇక్కడే మా కొంప మునిగింది. అకౌంట్ పెట్టినాయన రిటైరై వెళ్లిపోయాడు. గుర్తు చేసే ఈమెయిల్స్ ఆయన పాత ఐడీకే పోతున్నాయి. గడువు ఇంకా పది రోజులుందని ధీమాగా తెరిస్తే ఎర్ర అక్షరాలు. సరే రెన్యూవల్ చేద్దామంటే పేరు కలవలేదు. మా దరఖాస్తులో "కౌంటీ ఆఫ్ ఫలానా", పన్ను కాగితంలో "ఫలానా కౌంటీ". అంతే తేడా! పేరు నిరూపించుకోవడానికి కాగితాలు పంపి ఎదురుచూస్తూనే ఉన్నాం, గడువు దాటిపోయింది. ఆరు వారాలు కూర్చుని రాసిన దరఖాస్తు నా డ్రాయర్లో ఉంది ఇప్పటికీ. అదే ఈ తాడు కట్టిన ఫైలు.

ఇంకో ఉచ్చు. న్యాయ శాఖ పోటీ గ్రాంట్లకు గడువులు రెండు. మొదట గ్రాంట్స్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఎస్‌ఎఫ్-424 అనే ఫారం, ఆ తర్వాత జస్ట్‌గ్రాంట్స్ అనే ఇంకో వెబ్‌సైట్‌లో అసలు దరఖాస్తు. మొదటి తేదీ దాటితే రెండో తలుపే తెరుచుకోదు.

రాయడం గురించి ఒకే ఒక్క మాట. "మా దగ్గర నేరాలు పెరిగాయి, పని భారం ఎక్కువైంది" అని రాయకండి, అందరూ అదే రాస్తారు. ఒక్క పనిని పట్టుకోండి. ఉదాహరణకి బాడీ కెమెరాలు. 2015 నుంచి పోలీసులకు కెమెరాలు కొనడానికి ఫెడరల్ డబ్బు వస్తోంది, మంచిదే. ఒక గొడవకి ఆరుగురు అధికారులు వెళ్తే ఆరు వీడియోలు. ఒక్కోటి గంట అనుకున్నా ఆరు గంటలు. అవన్నీ ఎవరో కూర్చుని చూడాలి, డిఫెన్స్‌కి ఇవ్వాల్సినవి ఇవ్వాలి, మైనర్ల మొహాలు కనపడకుండా చేయాలి. గేదె పోలీసులకు వచ్చింది, పేడ ఎత్తే పని ప్రాసిక్యూటర్‌కి వచ్చింది. మీ కేసుల సాఫ్ట్‌వేర్‌లోంచి అలాంటి గంటలు లెక్క తీసి, ఒక పారాలీగల్‌ని (లాయర్లకు సాయపడే ఉద్యోగిని) పెడితే అవి ఎన్ని తగ్గుతాయో రాయండి. మీ అంకె మీ ఆఫీసుదై ఉండాలి.

టైమ్ అయిపోతోంది, మిగతాది పరుగు.

తవుడు ఖర్చు. వోకాకి 20 శాతం, స్టాప్‌కి ప్రాసిక్యూటర్లు 25 శాతం మ్యాచ్, అంటే మన వాటా, పెట్టాలి. జాగ్రత్త, ఇది మొత్తం ప్రాజెక్టు మీద. వోకాలో వాళ్లు 80,000 ఇస్తే మీది 16,000 కాదు, 20,000. నగదే అక్కర్లేదు, వాలంటీర్ల గంటలకూ విలువ కట్టవచ్చు.

ఆఫీసు అద్దె, కరెంటు లాంటి పరోక్ష ఖర్చులకి విడిగా ఒప్పుకున్న రేటు లేని ఆఫీసులు 2024 అక్టోబర్ నుంచి 15 శాతం దాకా వేసుకోవచ్చు, అంతకుముందు 10. కొన్ని గ్రాంట్లకు ఇది వర్తించదు, ప్రకటన చదువుకోండి.

పాల లెక్క. ఆర్థిక నివేదిక ప్రతి క్వార్టర్ ముగిసిన 30 రోజుల్లో. ఆలస్యమైతే డబ్బు ఆగుతుంది. పైగా చాలా గ్రాంట్లలో ముందు మీరు ఖర్చు పెట్టాలి, తర్వాత వాళ్లు ఇస్తారు. కౌంటీ ట్రెజరర్‌తో స్నేహంగా ఉండండి.

జాన్ ఆర్. జస్టిస్ అని ఇంకొకటుంది. ఆఫీసుకి కాదు, కుర్ర లాయర్ల చదువు అప్పుకి. మూడేళ్లు ప్రాసిక్యూటర్‌గానో పబ్లిక్ డిఫెండర్‌గానో (పేద నిందితుల తరపు ప్రభుత్వ లాయర్) ఉంటానని ఒప్పుకోవాలి. ఏడాదికి గరిష్ఠంగా 10,000 డాలర్లు, చేతికొచ్చేది చాలాసార్లు అంతకంటే బాగా తక్కువ. అయినా మనుషులు వదిలి వెళ్లిపోకుండా ఆపడానికి పనికొస్తుంది.

మేనమామ మనసు మారితే? 2025 ఏప్రిల్‌లో న్యాయ శాఖ వందల గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. పలుపు విప్పుకుని తోలుకెళ్లడమే. అందుకని మూడో ఏడు దాకా ఆగకుండా, మొదటి ఏడే బోర్డుకి ఒక కాగితం పెట్టండి: ఈ పోస్టు జీతం ఇంత, గ్రాంట్ ఫలానా నెలతో ఆఖరు, ఆ తర్వాత ఎవరిది? మినిట్స్‌లో ఎక్కించండి. మేం ఎక్కించలేదు. మూడో ఏడు మీటింగ్‌లో ఆ వరండా బెంచీ అడ్వొకేట్ పోస్టు చర్చకు వచ్చింది. అదే కళ్లజోడు పెద్దమనిషి కాగితం తిరగేసి, "ఈ పోస్టు ఎక్కణ్ణుంచి వచ్చింది? మనం ఎప్పుడు మంజూరు చేశాం?" అన్నాడు.

మీరు ఏదైనా డీఏ ఆఫీసులో పనిచేస్తుంటే, ఈ కిటికీ మూసేసి శామ్‌లోకి వెళ్లి, మీ రిజిస్ట్రేషన్ ఏ తేదీతో ఆఖరో, రిమైండర్ ఎవరి ఈమెయిల్‌కి పోతోందో చూడండి. బడ్జెట్ షీట్ గురించి వచ్చే వీడియోలో.