హోంవర్క్ ప్రోగ్రాం ఆగిపోతే ఎవరినైనా ఎట్లా అడగాలి? (పైథాన్, బిగినర్స్ కోసం)

హలో, నమస్తే అందరికీ. సౌండ్ వస్తా ఉంది కదా... ఆఁ, వస్తోంది. ఈరోజు కొత్త ప్రోగ్రామేం నేర్పించట్లేదు. హోంవర్క్‌లో ఇరుక్కుపోతే సీనియర్‌నో, క్లాస్‌మేట్‌నో ఎట్లా అడగాలి, అదే ఈ వీడియో. ఏఐని అడిగినా పద్ధతి ఇదే.

ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ దగ్గరికొస్తే చాలు, మా తిరుపతిలో సీనియర్ అన్న ప్రతి ఒక్కరి ఫోన్‌కీ ఇట్లాంటి మెసేజ్ ఒకటి వస్తుంది. స్క్రీన్ మీద చూడండి. "అన్నా, ప్రోగ్రాం రాలేదన్నా. రేపు రికార్డు సబ్మిట్ చేయాల. కొంచెం చూడన్నా." కింద ఒక ఫొటో. జూమ్ చేస్తా ఉండండి. ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో తీసినాడు. నడిమిట్లో ట్యూబ్‌లైట్ గీత పడింది. ఈ మూల తీసినోడి బొటనవేలు. కోడ్ సగమే కనిపిస్తోంది, అవుట్‌పుట్ అసలు ఫొటోలోనే లేదు.

ఇప్పుడు ఆ అన్న ఏం చేయాల? రన్నే కాలేదా, ఎర్రర్ కొట్టిందా, ఆన్సర్ తప్పొచ్చిందా, లూప్ ఆగకుండా తిరుగుతా ఉందా, ఏం తెలీదు. నాలుగింటికీ నాలుగు మందులు.

సరే, ఫస్ట్ స్టెప్. ఫొటో వద్దు. కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ, పేస్ట్. అయిపోయింది. వాట్సాప్‌లో అయితే ముందు మూడు బ్యాక్‌టిక్‌లు, అంటే ` ఈ గుర్తు, చివర మూడు బ్యాక్‌టిక్‌లు, ఇదిగో ఇట్లా. అక్షరాలన్నీ ఒకే వెడల్పులో వస్తాయి, ఇండెంటేషన్, అంటే లైన్ ముందు వదిలే ఖాళీ, కంటికి ఆనుతుంది. వర్డ్ ఫైల్లో పెట్టి మాత్రం పంపొద్దు. వర్డ్ మామూలు కొటేషన్లను వంకర కొటేషన్లు చేసేస్తుంది, అవతలివాళ్లు కాపీ చేసి రన్ చేస్తే ఇన్‌వాలిడ్ క్యారెక్టర్ అని ఇంకో కొత్త ఎర్రర్. మీ తప్పు వెతకమంటే వర్డ్ తప్పు వెతుక్కుంటా కూర్చుంటారు.

ఇప్పుడు ఆ మెసేజ్ పెట్టిన పిల్లోడి అసలు ప్రోగ్రాం. ప్రశ్న ఇది: కొండకు నడిచిపోయే రెండు దారుల మెట్లు ఇన్‌పుట్ తీసుకుని మొత్తం ఎన్నో చెప్పాలి. అలిపిరి దారి 3550, శ్రీవారి మెట్టు 2388. రన్ చేస్తున్నా. 3550, ఎంటర్. 2388, ఎంటర్. చూడండి ఏమొచ్చిందో. 35502388! మూడున్నర కోట్ల మెట్లు. ఎక్కేదానికి ఎవరికి ఓపికుంది సామీ!

ఎర్రర్ లేదు, గమనించారా? ప్లస్ బదులు మైనస్ ఉండుంటే పైథాన్ అక్కడే అరిచేది, టైప్ ఎర్రర్ అని. ప్లస్ కాబట్టి కిమ్మనకుండా రెండూ పక్కపక్కన అంటించేసింది.

ఇక్కడ కొంచెం నిదానంగా పోదాం. కోడ్ కోసేయడం. అందరూ దాటేసే స్టెప్ ఇదే. ఈ పిల్లోడి ఫైల్లో మెనూ ఉంది, వైల్ లూప్ ఉంది, చుక్కలతో బోర్డర్ గీసే ఫంక్షన్ కూడా ఉంది. ఇదంతా అవతలివాళ్లు ఎందుకు చదవాల? ముందు ఫైల్‌కి ఒక కాపీ పెట్టుకోండి, ఒరిజినల్ జోలికి పోవద్దు. కాపీలో బోర్డర్ ఫంక్షన్ తీసేస్తున్నా. రన్. తప్పు అట్లే ఉంది. అంటే దాంతో పనిలేదు. మెనూ సెలెక్ట్ చేసి కంట్రోల్ స్లాష్. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో అన్ని లైన్లూ ఒకేసారి కామెంట్ అయిపోతాయి, అంటే పైథాన్ వాటిని పట్టించుకోదు, మళ్లీ నొక్కితే వెనక్కొస్తాయి, నాకు బాగా అలవాటైన షార్ట్‌కట్ ఇది. రన్. ఇంకా తప్పే. లూప్ తీసేశా. రన్. తప్పే. ప్రతిసారీ ఒక్కటి తీయండి, రన్ చేయండి. రెండు మూడు కలిపి తీశారో, ఏది తీస్తే మారిందో తెలీక మళ్లీ మొదటికి.

ఇప్పుడు మిగిలింది మూడు లైన్లు. రెండు ఇన్‌పుట్‌లు, ఒక ప్రింట్. ఇంకా తగ్గిద్దాం. ఇన్‌పుట్ ఎందుకు, నంబర్లు నేరుగా రాసేస్తా. ఏ ఈక్వల్స్ 3550, బీ ఈక్వల్స్ 2388. రన్.

5938.

తప్పు పోయింది! ఇక్కడే చాలామంది "అరె, ఇప్పుడు సరిగ్గానే వస్తా ఉందే" అని కంగారుపడి మొత్తం అండూ కొట్టేస్తారు. కొట్టొద్దు. ఒక్క మార్పుకి తప్పు మాయమైందంటే, తప్పు ఆ మార్పు చేసిన చోటే ఉంది. ఇప్పటిదాకా ఇన్ని లైన్లలో యాడుందో తెలీదు, ఇప్పుడు తెలిసిపోయింది, ఇన్‌పుట్ దగ్గర. కంట్రోల్ జెడ్, ఒక్క అడుగు వెనక్కి. ప్రింట్‌లో ఏ అని కాకుండా రెప్ర్ ఆఫ్ ఏ, repr(a), అని పెడుతున్నా. రన్, 3550, ఎంటర్. చూశారా, రెండు పక్కలా కొటేషన్లు. అది నంబర్ కాదు, స్ట్రింగ్, అంటే పైథాన్‌కి అది ఉత్త అక్షరాల వరుస. మామూలు ప్రింట్ ఈ కొటేషన్లు చూపించదు, అందుకే ఎంతసేపు చూసినా కనపడదు. థానీ అనే ఎడిటర్ వాడేవాళ్లకైతే ఈ తిప్పలు కూడా లేవు. వ్యూలో వేరియబుల్స్ ఆన్ చేస్తే పక్క కిటికీలోనే కొటేషన్లతో సహా కనిపిస్తుంది. ఎస్టోనియాలో టార్టు యూనివర్సిటీ వాళ్లు బిగినర్స్ కోసమే చేసిన ఎడిటర్ అది. ఫస్టియర్ పిల్లలకి నేను వీఎస్ కోడ్ కన్నా ముందు అదే చెప్తా.

ఇంకో చిక్కు ఏందంటే, పాత సీనియర్ల రికార్డు చూసి రాస్తారు కదా. పైథాన్ 2లో ఇన్‌పుట్ అంటే నంబర్ నంబర్‌గానే వచ్చేది, స్ట్రింగ్ కావాలంటే రా ఇన్‌పుట్ అని వేరే ఉండేది. పైథాన్ 3లో ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో అయిపోయింది, రికార్డులు మాత్రం ఇంకా చేతులు మారతానే ఉన్నాయి. అందుకే అడిగేటప్పుడు వెర్షన్ కూడా చెప్పండి.

ఇప్పుడు మెసేజ్ టైప్ చేద్దాం. చదువుతా ఉంటా. "అన్నా, ఇది హోంవర్క్. రెండు దారుల మెట్లు కూడాల. పైథాన్ 3. 3550, 2388 ఇచ్చినా. 5938 రావాల, 35502388 వస్తాంది. ఎర్రరేం లేదు. నంబర్లు నేరుగా రాస్తే సరిగ్గా వస్తాంది, ఇన్‌పుట్ పెడితేనే తప్పు. రెప్ర్‌లో కొటేషన్లు కనిపించినాయి. కోడ్ రాసియ్యొద్దన్నా, ఏం చదవాలో చెప్పు." కింద ఆ మూడు లైన్ల కోడ్. ఆ అన్న బస్సులో ఉన్నా జవాబిస్తాడు, ఒక్క మాట చాలు: "ఇంట్ గురించి చదువు."

హోంవర్క్ అని దాచొద్దు. చెప్తే హింట్ ఇస్తారు, చెప్పకపోతే మొత్తం కోడ్ ఇచ్చేస్తారు. రేపు వైవాలో ఎక్స్‌టర్నల్ "ఇక్కడ ఇంట్ ఎందుకు పెట్టినావు" అంటే కోడ్ ఇచ్చిన అన్న వచ్చి చెప్పడు కదా.

ఇంట్ అంటే int(), స్ట్రింగ్‌ని నంబర్ చేసేది. ఇంట్ పెట్టేశా. రన్. 5938. వచ్చింది. ఇప్పుడు 3,550 అని కామా పెట్టి ఇస్తా చూడండి. ఢమాల్. ఎర్ర అక్షరాలు ఇంత పొడుగు. పై నుంచి కాదు, ముందు చివరి లైన్ చదవండి. వాల్యూ ఎర్రర్, ఇన్‌వాలిడ్ లిటరల్, చివర్లో కొటేషన్లలో మీరు ఇచ్చిందే, కామాతో సహా. దాని పైన లైన్ నంబర్. మెసేజ్‌లో ఇదంతా పోవాలి, ఒక్క అక్షరం కోయకుండా.

కామా ఎట్లా తీసేయాలో నేను చెప్పను, అది మీ పని. స్పేస్ పెట్టి కూడా చూడండి. 3550కి ముందో వెనకో స్పేస్ ఉంటే ఇంట్ ఏమీ అనదు, 3కీ 5కీ మధ్యలో ఉంటే మాత్రం ఒప్పుకోదు.