బ్రోషర్లో 182, ఏడుగురు ఎక్కాక ఎంత? ట్రైబర్ డిజైన్ రివ్యూ

నమస్కారం అండీ. రాయగడ, కోరాపుట్, గుణుపురం వైపు నుంచి చూస్తున్నవాళ్ళు ఈ వీడియో కాస్త నిదానంగా చూడండి. మైలేజీ, టచ్‌స్క్రీన్ జోలికి ఇవాళ పోవట్లేదు. ఎదురుగా ఉన్నది రెనాల్ట్ ట్రైబర్, ఏడు సీట్ల కారు. దీన్ని గీసినవాళ్ళు మన రోడ్డునీ, మన ఇంటి జనాన్నీ ఎంతవరకు లెక్కలోకి తీసుకున్నారో చూద్దాం. చేతిలో ఒక టేపు, ఒక కాగితం ముక్క ఉంటే చాలు.

ముందు పొడవు. బంపర్ నుంచి బంపర్‌కి టేపు లాగితే 3,990 మిల్లీమీటర్లు. పక్కన బొలెరో నిలబెట్టి లాగండి, 3,995. డిజైర్ కూడా 3,995. అందరూ నాలుగు మీటర్ల గీత దగ్గరకొచ్చి ఆగిపోయారేంటి? అది గీసినవాళ్ళ ముచ్చట కాదు, పన్ను. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోల్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ మించని కార్లకి ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కి దింపారు. అక్కణ్ణుంచి కత్తెర్లు బయటికొచ్చాయి. 2008లో టాటా ఇండిగో తోక కోసి ఇండిగో సీఎస్ తెచ్చారు. మొదటి డిజైర్ 4,160 ఉండేది, 2012లో గీత లోపలికొచ్చింది. బొలెరో 4,107 ఉండేది, 2016లో అదీ వచ్చింది. ఇప్పుడైతే తేడా ఇంకా పెద్దది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెట్రోల్, డీజిల్ బండ్లకి గీత లోపల జీఎస్టీ 18 శాతం, దాటితే 40.

కాబట్టి పుణేలో టాటా స్టూడియో అయినా, ముంబైలో మహీంద్రా వాళ్ళదైనా, చెన్నైలో రెనాల్ట్ వాళ్ళదైనా, బొమ్మ గీసేముందే గోడలు కట్టేసి ఉంటాయి. ఆ గోడల మధ్య మనుషుల్ని ఎలా కూర్చోబెట్టాలో తేల్చే కాగితాన్ని ప్యాకేజ్ డ్రాయింగ్ అంటారు. కూర్చున్న మనిషి తుంటి కీలు ఎక్కడ పడుతుంది, తల పైన ఖాళీ ఎంత, మోకాలి ముందు ఎంత, ఇంజిన్‌కి ఎంత. ఇవన్నీ తేలాకే బంకమట్టి పని. ఫోమ్ దిమ్మ మీద దాదాపు 60 డిగ్రీలకి వేడిచేసిన మట్టి పట్టించి, గీకి, మొదట నాలుగో వంతు సైజులో, తర్వాత అసలు సైజులో బండి చేస్తారు. దాని మీద వెండి రంగు ఫిల్మ్ లాగి అంటిస్తారు, వెలుగు గీతలు ఎక్కడ వంకర పోతున్నాయో తెలియడానికి. లోపల ట్యూబ్‌లైట్ల కింద అందంగా కనిపించిన మడత, మన మిట్టమధ్యాహ్నం ఎండలో చదునైపోవచ్చు. అందుకే మోడల్‌ని ఆరుబయటికి తోసుకొచ్చి కూడా చూస్తారు.

భారత్, ఫ్రాన్స్ జట్లు కలిసి చేసిన బండి ఇది. ఇరుకులో ఇల్లు కట్టినట్టే కట్టారు. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 2,636 మిల్లీమీటర్లు. మొత్తంలోంచి తీసేస్తే ముక్కుకీ తోకకీ కలిపి మిగిలింది 1,354. చక్రాల్ని మూలలకి తోసేశారన్నమాట. కెమెరా కాస్త పైకి పెట్టండి. మధ్య సీటు దాటాక పైకప్పు ఒక మెట్టు లేచింది, కనిపిస్తోందా? వెనక కూర్చున్నవాళ్ళ తల తగలకుండా లేపారు. ఆ మెట్టు ఎబ్బెట్టుగా కనపడకుండా పైన రూఫ్ రైల్స్ అడ్డం పెట్టారు. రైల్స్ షోకు కోసం అనుకుంటాం. నా లెక్కలో ఈ బండిలో తెలివైన గీత అంటే అదే.

ఏసీ గాలి మధ్య వరుసకి పక్క స్తంభం నుంచి, మూడో వరుసకి పైకప్పు నుంచి వస్తుంది. వెనక కూర్చునేది ఇంటి పెద్దలూ పిల్లలూ అని తెలిసినవాళ్ళు పెట్టిన వసతి. కానీ రాయగడ నుంచి పార్వతీపురం పెళ్ళికి ఏడుగురూ ఎక్కితే సామాను జాగా 84 లీటర్లే. రెండు చేతిసంచులు, ఒక పూలబుట్ట. మూడో వరుస సీట్లు రెండూ ఊడదీసేస్తే 625 లీటర్లు, సంతకి కూరగాయలు వేసుకెళ్ళొచ్చు. ఊడదీసిన సీట్లు ఇంట్లో ఎలక తిరగని చోట పెట్టుకోండి, అది మాత్రం ఏ స్టూడియో చూసిపెట్టదు.

ఇప్పుడు అసలు సంగతి, పొట్ట ఎత్తు. బ్రోషర్లో గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుక్కీ నేలకీ మధ్య ఖాళీ, 182 మిల్లీమీటర్లు. అది ఖాళీ బండికి. మనిషికి 65 కిలోలు వేసుకున్నా ఏడుగురికి 455 కిలోలు, సామాను వేరే. స్ప్రింగులు అణుగుతాయి. ఎంత అణుగుతాయో మీరే కొలవండి. చదును నేల మీద, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, ముందు చక్రం పైన ఫెండర్ (చక్రాన్ని కప్పే రేకు) అంచు నుంచి నేలకి ఒక కొలత, వెనక చక్రం దగ్గర ఒకటి. జనాన్ని ఎక్కించి మళ్ళీ కొలవండి. ముందు తగ్గిందీ వెనక తగ్గిందీ కూడి సగం చేస్తే, బండి నడిమి భాగం అంత దిగినట్టు.

మాటవరసకి 50 దిగిందనుకోండి, మిగిలింది 132. స్పీడ్ బ్రేకర్ మీద తగిలేది ముక్కు కాదు, రెండు చక్రాల మధ్య పొట్ట. చక్రాల మధ్య దూరం ఎక్కువైనకొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. ఖాళీగా 15 డిగ్రీలకి పైగా కోణం ఉన్న గట్టు దాటే బండి, ఈ బరువుతో 11 దగ్గరికి వచ్చేస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అలా కట్టినదాని మీద ఏ కారూ గీసుకోదు. ఊరి మొదట్లో రాత్రికి రాత్రి పోసిన సిమెంటు దిమ్మతోనే గొడవంతా. అక్కడ కాస్త ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దింపండి.

గీసుకుంటోందని కొందరు స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చిస్తారు. ఎత్తు వస్తుంది, నిజమే. కానీ బఫర్ పెట్టిన చుట్టు పనిచెయ్యదు, దాని భారం మిగతా చుట్ల మీద పడుతుంది. కుదుపు పెరుగుతుంది, కొన్నాళ్ళకి స్ప్రింగు విరగొచ్చు, షాక్ అబ్జార్బర్ నూనె కారొచ్చు. పెద్ద టైర్లు వేస్తే ఫెండర్‌కి రాసుకుంటాయి, పైగా మీటర్లో వేగం తక్కువ చూపిస్తుంది. బరువు మొయ్యడమే మీ పనైతే వెనక పట్టీల స్ప్రింగులున్న బొలెరో లాంటిది చూసుకోండి. గ్రౌండ్ క్లియరెన్స్ అక్కడా 180యే, కానీ దాని కింద ఉన్నది లారీ తరహా చట్రం.

ఘాట్ గురించి కూడా చెప్పేస్తాను. ఇంజిన్ 999 సీసీ, 72 హార్స్‌పవర్. ఇద్దరు ముగ్గురికి చాలు. సాలూరు నుంచి సుంకి ఘాట్ నిండు బండితో ఎక్కాలంటే ఏసీ కట్టేసి, హెయిర్‌పిన్ మలుపు రాకముందే గేరు దించుకోవాలి. లారీని దాటే ఆలోచన పెట్టుకోకండి.

కొత్త బండి కొన్న చాలామంది నేరుగా మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్తారు. పూజయ్యాక డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి బొమ్మ అంటిస్తారు. ఎడమ పక్క, ప్యాసింజర్ ముందు, ఎయిర్‌బ్యాగ్ అని అక్షరాలు చెక్కి ఉంటాయి, చూశారా? అక్కడ మాత్రం అంటించకండి. బ్యాగు తెరుచుకున్నప్పుడు ఆ మూత చీలుతుంది, బొమ్మ రాయిలా ఎగిరి ముఖానికి తగులుతుంది. మధ్యలో, మూతకి దూరంగా, చిన్న తేలికపాటి బొమ్మ పెట్టుకోండి. ముందు ఇనప గార్డు కూడా వద్దు. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకి అందాల్సిన దెబ్బని అది మార్చేస్తుంది, నడిచేవాళ్ళకీ ప్రమాదం. 2017 డిసెంబర్లో కేంద్రం వద్దని రాష్ట్రాలకి రాసింది కూడా.

ఇక కాగితం ముక్క. మన ఎర్రమట్టి రోడ్ల మీద వెనక నిలువుగా ఉండే బండి దుమ్ముని తన వెనక్కే లాక్కుంటుంది. వైపర్ అద్దం తుడుస్తుంది గానీ, డిక్కీ తలుపు రబ్బరు సందులోంచి లోపలికి దూరే మట్టిని ఆపలేదు. కాగితాన్ని రబ్బరు మీద పెట్టి తలుపు వెయ్యండి, బయటికి లాగండి. బిగుతుగా రావాలి. చుట్టూ నాలుగైదు చోట్ల, కింది అంచు దగ్గర తప్పకుండా లాగి చూడండి. ఎక్కడైనా ఊరికే ఊడొచ్చిందంటే, షోరూం వాళ్ళు తలుపు సరిచేసి ఇచ్చాకే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టండి.