పాత పికప్‌కి ఇంజిన్ పోతే రీబిల్డ్ చేయించాలా, వేరే ఇంజిన్ ఎక్కించాలా? చేయించాక నా రివ్యూ

నమస్తే అండి అందరికీ. ముందు ఈ సౌండ్ వినండి, ఇంజిన్ విప్పకముందు ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టాను. వినిపిస్తోందా, కింద నుంచి డబ్ డబ్ డబ్ అని బరువుగా వస్తోంది, యాక్సిలరేటర్ ఇస్తే దాంతోపాటే పెరుగుతోంది, ఇంజిన్ వేడెక్కేకొద్దీ ఇంకా గట్టిగా కొడుతోంది. ఇది మా పికప్. డీజిల్, బాగా పాతది, ఎన్నో ఏళ్లు లోడ్ మోసిన బండి. ఈ సౌండ్ విన్నవాళ్లందరిదీ ఒకటే మాట, ఇంజిన్ అయిపోయింది, అమ్మేయ్, లేదంటే సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ తెచ్చి ఎక్కించేయ్ అని. నేను రీబిల్డ్, అంటే అదే ఇంజిన్‌ని విప్పి అరిగిన పార్టులు మార్పించడం, చేయించాను. అది ఎలా వచ్చింది, ఏం నచ్చింది ఏం నచ్చలేదు, మీ బండికైతే ఏ దారి మంచిదో ఎలా తేల్చుకోవాలి, అన్నీ చెప్తాను. కానీ అన్నిటికన్నా ముందు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది, ఇంజిన్ ఎందుకు పోయిందో తెలిసేదాకా దాని మీద డబ్బు పెట్టకండి, ఎందుకంటే ఆ కారణం బండిలోనే కూర్చుని ఉంటే తర్వాత ఎక్కించిన ఇంజిన్ కూడా అదే దారిన పోతుంది.

అసలు ఇంజిన్ నిజంగా పోయిందా అనేది మొదటి ప్రశ్న. ఈ సౌండ్ వస్తే వెంటనే బిగ్ ఎండ్ బేరింగ్, అంటే పిస్టన్ రాడ్ క్రాంక్‌కి (ఇంజిన్ అడుగున తిరిగే షాఫ్ట్‌కి) తగిలే చోట ఉండే బేరింగ్, పోయింది అనేస్తారు, చాలాసార్లు అదే అయ్యుంటుంది కూడా, కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండిలో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే ఫ్లెక్స్ ప్లేట్ పగిలినా అచ్చం ఇలాగే కొడుతుంది, దాని బోల్టులు లూజ్ అయినా అంతే. ఆ ప్లేట్ మార్చడం ఇంజిన్ మార్చడంతో పోలిస్తే చాలా చిన్న పని. చల్లగా ఉన్నప్పుడు టకటకమని వేడెక్కాక తగ్గిపోతే అది పిస్టన్ స్లాప్, అంటే పిస్టన్ సిలిండర్ గోడకి కొట్టుకోవడం, అయ్యే అవకాశం ఎక్కువ, దానితో చాలా బండ్లు ఏళ్ల తరబడి తిరుగుతాయి. వేడెక్కాక ఆయిల్ పల్చబడ్డాక పెరిగే సౌండ్ ఉంది చూశారా, దానికి భయపడాలి. వెంటనే ఆపేయాలి బండి, ఇంటిదాకా నెమ్మదిగా వెళ్లిపోదాం అనుకోకూడదు, ఎందుకంటే బేరింగ్ స్టేజ్‌లో ఆగితే క్రాంక్‌ని సానపట్టే గ్రైండింగ్‌తో పోయేది, ఇంకాస్త దూరం తోలితే రాడ్ విరిగి బ్లాక్ (సిలిండర్లుండే ఇంజిన్ ప్రధాన భాగం) పక్క నుంచి బయటికి వచ్చేస్తుంది, అప్పుడు రీబిల్డ్ చేయడానికి ఏమీ మిగలదు. టో చేయించుకోండి.

ఇంకో జాగ్రత్త, పాత మెకానికల్ పంప్ డీజిల్ ఇంజిన్లలో ఏ సిలిండర్ కొడుతోందో తెలుసుకోవడానికి ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టు లూజ్ చేసి చూసేవాళ్లు, ఆ సిలిండర్‌కి డీజిల్ ఆగగానే సౌండ్ మారితే దొరికినట్టే. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హైప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందే కామన్ రైల్ బండి మీద మాత్రం అది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి అండి. అందులో ప్రెషర్ 1000 బార్ దాటి వెళ్తుంది, ఆ సన్నటి డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి పోగొట్టుకోవాల్సి రావచ్చు. స్కానర్ పెట్టి ఇంజెక్టర్లు ఒక్కొక్కటీ కట్ చేసి చూడొచ్చు, అలాగే చేయండి.

సరే, మా బండి దగ్గరికి వస్తాను. మొదట చేసింది ఆయిల్ ఫిల్టర్ కోయడం. దీనికి కట్టర్ దొరుకుతుంది, హాక్సా బ్లేడుతో కోస్తే ఆ రజను లోపల పడి మనల్నే తప్పుదారి పట్టిస్తుంది. కోసి, లోపలి కాగితం మడతలన్నీ విప్పి, ఆయిల్ కారిపోయాక ఎండలో పరిచి చూడండి. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను, మడతల మధ్య మెరుస్తున్నాయి కదా సన్నటి రేకులు, అయస్కాంతం పెట్టాను, అంటుకోలేదు, అంటే ఇవి ఇనుము కాదు. రంగు చూడండి, కొన్ని వెండిలా ఉన్నాయి, కొన్ని రాగి రంగులో ఉన్నాయి. ఇప్పుడు ఈ బేరింగ్ చూడండి, మూడో సిలిండర్ రాడ్‌ది. మంచి బేరింగ్ పైన అంతా ఒకే బూడిద రంగులో నున్నగా ఉంటుంది, ఆ పై పొర మెత్తటి లోహం, మామూలు కాగితం కన్నా పల్చన, దాని కింద రాగి కలిసిన పొర, అడుగున స్టీల్. ఇందులో పై పొర పూర్తిగా పోయి రాగి బయటపడింది, అంచు దగ్గర ఆ రాగి కూడా అరిగి స్టీల్ కనిపిస్తోంది, వేలితో తడిమితే గరుగ్గా తగులుతోంది. ఫిల్టర్‌లో రాగి రంగు కనిపించిందంటే చాలావరకు బేరింగ్ రెండో పొరదాకా అరిగిపోయి ఉంటుంది, ఇక సంప్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, దించాల్సిందే.

సంప్ దించాకే అసలు సంగతి బయటపడింది. ఈ జల్లెడ చూడండి, ఆయిల్ పంప్ సంప్ అడుగు నుంచి ఆయిల్ పీల్చుకునే చోట ఉండే స్ట్రైనర్ ఇది. దీనికి అతుక్కుని ఉన్న ఈ బూడిద రంగు ముక్కలు ఏంటో తెలుసా, గ్యాస్కెట్ పేస్ట్. మా దగ్గరికి రాకముందు ఈ బండికి ఎక్కడో ఎవరో సంప్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు సీలెంట్ ధారాళంగా పూశారు, బిగించినప్పుడు లోపలి వైపుకి పిండుకుపోయిన భాగం ఎండి, ఊడి, ఆయిల్‌లో తిరిగి తిరిగి వచ్చి ఇక్కడ పట్టేసింది. జల్లెడ దాదాపు సగం మూసుకుపోయింది. చల్లగా ఐడిల్‌లో ఉన్నప్పుడు పంప్‌కి కావాల్సింది అందుతోంది, లోడ్‌తో ఎక్కువ ఆర్‌పీఎం మీద పోయేటప్పుడు చాలట్లేదు, బేరింగ్ ఎండిపోతోంది. సీలెంట్ సన్నటి దారంలా పూయాలి, బోల్టు రంధ్రం లోపలి వైపు నుంచి చుట్టి రావాలి, కంపెనీ మాన్యువల్‌లో ఎన్ని మిల్లీమీటర్ల మందమో కూడా రాసి ఉంటుంది. అంత చిన్న పనిని సరిగ్గా చేయకపోవడం వల్ల ఇంత పెద్ద ఇంజిన్ పోయింది. నాకు నిజంగా బాధేసింది, కోపం కూడా వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి, నేను అందరూ చెప్పినట్టు సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ తెచ్చి ఉంటే ఏమయ్యేది. వేరే మోడల్ బండి నుంచి వచ్చిన ఇంజిన్‌కి సంప్ ఆకారం తేడా ఉంటుంది కాబట్టి మన బండి సంపూ, స్ట్రైనర్ పైపూ తీసి దానికి బిగిస్తారు, ఇది మామూలుగా చేసే పనే. ఆ జల్లెడతో సహా వెళ్లి కొత్తదానికి తగులుకునేది. ఆయిల్ కూలర్ కూడా పాతదే పెడతారు, దాని సన్న దారుల్లో పాత బేరింగ్ రజను ఇరుక్కుని ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోతుందని నమ్మకం లేదు, ఇంజిన్ స్టార్ట్ చేయగానే నేరుగా కొత్త బేరింగ్‌లలోకి వస్తుంది. అందుకే బేరింగ్ పోయిన ఇంజిన్ ఏదైనా సరే ఆయిల్ కూలర్ కొత్తది పెట్టించండి, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో ఆయిల్ పైపు మార్చండి, టర్బోలో ఆట ఎంతుందో కూడా చూడండి, అది నిమిషానికి లక్షకు పైగా తిరిగే షాఫ్ట్, అదే ఆయిల్ మీద బతుకుతుంది.

బేరింగ్ కేసు కాకుండా కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, పోయే కేసైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆయిల్ పాలలాగా మారితే బ్లాక్‌కీ దాని పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది, బ్లాక్ పగిలింది అని చటుక్కున చెప్పేస్తారు. టొయోటా 22ఆర్ ఇంజిన్ ఉన్న 1980ల నాటి పికప్‌లు తీసుకోండి, చాలావాటిలో వాల్వ్‌లు తెరిచే షాఫ్ట్‌ని తిప్పే టైమింగ్ చైన్ పక్కన ప్లాస్టిక్ గైడ్లు ఉంటాయి, అవి విరిగితే చైన్ ఊగుతూ టైమింగ్ కవర్‌ని లోపల నుంచి కోసేస్తుంది, అటువైపు కూలెంట్ దారి ఉంది కాబట్టి నీళ్లు ఆయిల్‌లోకి వచ్చేస్తాయి. హెడ్ విప్పి గ్యాస్కెట్ మార్చినా తగ్గదు, ఎందుకంటే చిల్లు కవర్‌కి పడింది. ఫోర్డ్ 6.0 పవర్ స్ట్రోక్ డీజిల్, 2003 నుంచి 2007 దాకా సూపర్ డ్యూటీ పికప్‌లలో వచ్చింది, అందులో ఆయిల్ కూలర్ కూలెంట్ వైపు పూడుకుపోతే దాని తర్వాత ఉన్న ఈజీఆర్ కూలర్‌కి (ఇంజిన్‌లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్ పొగని చల్లబరిచేదానికి) కూలెంట్ సరిగ్గా అందక అది పగులుతుంది, సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ, రేడియేటర్‌లో కూలెంట్ మాయం. ఆ ఇంజిన్‌కి హెడ్ గ్యాస్కెట్ జబ్బు కూడా నిజంగానే ఉంది, కాబట్టి రెండింటిలో ఏదనేది టెస్ట్ చేసి తేల్చాలి తప్ప పొగ రంగు చూసి తేల్చకూడదు.

టెస్టులు పెద్ద ఖరీదైనవి కావు. కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్‌లో ఎంత ప్రెషర్ వస్తుందో కొలవడం, చేయించండి, పెట్రోల్ ఇంజిన్‌కి ఎక్కువగా 120 నుంచి 180 పీఎస్ఐ మధ్య, డీజిల్‌కి 300 పైన వస్తుంది, మీ ఇంజిన్ లెక్క మాన్యువల్‌లో చూసుకోండి, కానీ అంకె కన్నా సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా ముఖ్యం, 10, 15 శాతం దాటకూడదు. ఆ తర్వాత లీక్‌డౌన్ టెస్ట్, సిలిండర్‌లోకి గాలి పంపి ఎటు నుంచి బుస్సుమంటుందో వినడమే, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా పగులు. ఈ ఒక్క టెస్ట్ చేసే మెకానిక్ దొరికితే సగం గొడవ తీరినట్టే.

ఇంజిన్ సంగతి తేలాక కూడా ఆగండి, బండి కింద పడుకుని చాసిస్ చూడండి. పాత పికప్‌లకి లీఫ్ స్ప్రింగ్ బ్రాకెట్ల దగ్గర, వెనక యాక్సిల్ మీద వంపు తిరిగే చోట లోపలి నుంచి తుప్పు పడుతుంది, సుత్తితో కొడితే ఖంగుమనాలి, మెత్తగా శబ్దం వచ్చి పెచ్చులు రాలితే ఆ బండికి ఇంజిన్ పెట్టడం దండగ, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయండి, పార్టులకి కొనుక్కునేవాళ్లు ఉంటారు. మాది చాసిస్ గట్టిగా ఉంది, గేర్‌బాక్స్ బాగుంది, బ్లాక్‌కి పగుళ్లు లేవు, అందుకే రీబిల్డ్ అన్నాను.

ఇక రివ్యూ. క్రాంక్ 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేయించి దానికి తగ్గట్టు మందమైన అండర్‌సైజ్ బేరింగ్లు వేశాం, మూడో రాడ్ వేడికి నీలంగా మారిపోయింది కాబట్టి అది కొత్తది. బోర్లు, అంటే సిలిండర్ రంధ్రాలు, కొలిస్తే అరుగుదల లిమిట్ లోపలే ఉంది, అందుకని ఓవర్‌సైజ్‌కి వెళ్లకుండా గోడలకి సన్నటి గీతలు పడేలా హోనింగ్ చేసి కొత్త రింగులు వేశాం, అవసరం లేకుండా బోర్ పెంచితే ఆ బ్లాక్‌కి భవిష్యత్తులో మిగిలే అవకాశం తగ్గిపోతుంది, లేత్ వాళ్లు అలవాటుగా పెంచేద్దాం అంటారు, ముందు కొలత కాగితం మీద రాసిమ్మనండి. హెడ్ బోల్టులు సాగే రకం కాబట్టి కొత్తవి. ఆయిల్ పంప్ కొత్తది. బేరింగ్ గ్యాప్ ప్లాస్టిగేజ్, అంటే నలిగిన వెడల్పుని బట్టి గ్యాప్ చెప్పే సన్నటి ప్లాస్టిక్ దారం, పెట్టి నా కళ్లముందే చూశారు. ఇప్పుడు వేడి ఇంజిన్ మీద 2000 ఆర్‌పీఎంకి ఆయిల్ ప్రెషర్ 40 పీఎస్ఐ పైనే నిలబడుతోంది, ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 ఉంటే చాలు అనేది పాత లెక్క. బ్లోబై, అంటే రింగులు దాటి కిందికి వచ్చే గ్యాస్, తగ్గింది, చలిలో కూడా వెంటనే స్టార్ట్ అవుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ పాత పికప్ మళ్లీ వచ్చింది. మైలేజ్ మాత్రం పెద్దగా మారలేదు, మారుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నచ్చనిది టైమ్. క్రాంక్ వెళ్లి రావాలి, పార్టులు రావాలి, చిన్న ఓరింగ్ ఒకటి రాకపోతే మొత్తం ఆగిపోతుంది. రోజూ ఆ బండి మీదే బతికేవాళ్లకి ఇది కష్టం, వాళ్లకి నేను ఫ్యాక్టరీలో కొత్తదానిలా తిరిగి తయారుచేసిన రీమాన్యుఫాక్చర్డ్ లాంగ్ బ్లాక్ చెప్తాను, హెడ్‌తో సహా వస్తుంది, వారంటీ ఉంటుంది, పాత ఇంజిన్ తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు, కానీ బ్లాక్ పగిలి ఉంటే చాలామంది ఇవ్వరు, ముందే అడగండి. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ తక్కువలో అయిపోతుంది, నిజమే, అయితే ఎక్కించేముందు నేల మీదే కంప్రెషన్ చూడండి, సంప్ దించి ఒక బేరింగ్ క్యాప్ విప్పి చూడండి, వెనక ఆయిల్ సీల్, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ అప్పుడే మార్చేయండి, తర్వాత చేతికి అందవు. కామన్ రైల్ ఇంజిన్ అయితే ఇంజెక్టర్ల మీద ఉండే కోడ్ ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, ఎక్కించాలి. ఇంజిన్ నంబర్ బండి పేపర్లలో ఉంటే అది కూడా మార్పించుకోవాలి.

చివరిగా మొదటి స్టార్ట్. ఫ్యూయల్ కట్ చేసి, గేజ్‌లో ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్ కొంచెం కొంచెంగా తిప్పి, అప్పుడు స్టార్ట్ చేయించండి. ఆ తర్వాత గంటల తరబడి ఐడిల్‌లో పెట్టి వదిలేయకండి, రింగులు బోర్‌కి సెట్ అవ్వాలంటే ఓ మోస్తరు లోడ్ కావాలి, స్పీడ్ మారుస్తూ తోలండి, ఒకే ఆర్‌పీఎం మీద ఎక్కువసేపు లాగొద్దు. 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్యలో మొదటి ఆయిల్ మార్చేయండి, కూలెంట్ లెవెల్ రోజూ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడండి, ట్రైలర్ తగిలించడం, నిండా లోడ్ ఎక్కించడం ఆ ఆయిల్ మార్చిన తర్వాతే.